కాగు కింద రెండు పుస్తకాలు

రిజిస్టరు పోస్టు వచ్చినప్పుడు నేను మా ఫంక్షన్ హాలు వెనకాల వంటపాత్రలు సరిచూసుకుంటున్నాను. పోస్టుమాన్ సంతకం పెట్టమన్నాడు. సంతకం అంటే నాకు మోజు. నలభై మూడో ఏడు దాకా వేలిముద్ర వేసినవాణ్ణి గనక ఎవరు సంతకం అడిగినా లోపల కొంచెం పొంగుతుంది. చెయ్యి తుడుచుకుని, ఇంటిపేరుతో సహా, తొందర లేకుండా పెట్టాను. అంత ముచ్చటగా సంతకం పెట్టి మరీ భయాన్ని ఇంట్లోకి తెచ్చుకున్నాను.

కవరు ముంబయి నుంచి వచ్చింది. లోపల మూడు కాగితాలు, మూడూ ఇంగ్లీషే. నాకు వచ్చింది తెలుగు ఒక్కటే. ఇంగ్లీషులో అంకెలు, మా హాలు పేరు మాత్రం గుర్తుపడతాను. వెతికి చూస్తే మా హాలు పేరు ఏడు చోట్ల ఉంది. శుభలేఖలో అయితే ఒక్కసారే ఉంటుంది. ఏడుసార్లు రాశారంటే అది మంచి మాట కాదని చదువు రానివాడికి కూడా తెలుస్తుంది.

మా అల్లుడు మస్కట్‌లో పదకొండేళ్ళు చేసి వచ్చి, నాతో కలిసి హాలు చూసుకుంటున్నాడు. అతని చేతికి ఇచ్చాను. చదువుతుంటే అతని మొహం చూస్తూ నించున్నాను.

“మావయ్యగారూ, ముందు కూర్చోండి.”

“కూర్చోబెట్టి చెప్పాల్సినంత ఏం ఉందండీ అందులో?”

“పాటలు రాసినవాళ్ళూ, బాణీ కట్టినవాళ్ళూ కలిసి పెట్టుకున్న సంస్థంటండి. మన హాల్లో వాళ్ళ పాటలు లైసెన్సు లేకుండా వేస్తున్నాం అంటున్నారు. ఇప్పటిదాకా ఏం వేసేమో చెప్పి, లైసెన్సు తీసుకోమంటున్నారు. పదిహేను రోజుల్లో జవాబివ్వకపోతే కోర్టుకెళ్తారంట.”

“పాట వేస్తే కోర్టేంటండీ? అదేవన్నా దొంగతనవా?”

“దొంగతనం కింద లెక్కేనన్నట్టే రాసేరండి.”

అప్పుడు కూర్చున్నాను. నా జన్మలో నన్ను తాగుబోతన్నారు, కోపిష్టన్నారు, అవి నిజమే గనక పడ్డాను. దొంగ అని ఎవరూ అనలేదు.

హాలు కట్టకముందు నాది మైకు సెట్టు. రాజోలు చుట్టుపక్కల పెళ్ళికీ, తీర్థానికీ, ఎన్నికలకీ సైకిలు మీద ఆంప్లిఫయరు కట్టుకుని తిరిగినవాణ్ణి. చదువు లేదు. రికార్డుల మీద ఏం రాసుందో తెలియదు గనక మా ఆవిడ గోళ్ళరంగుతో గుర్తులు పెట్టుకునేవాణ్ణి. ఒక చుక్క అంటే దేవుడి పాట, రెండు చుక్కలు పెళ్ళి, గీత అంటే ఏడుపు పాట. ఒకసారి ఓ పెద్దాయన షష్టిపూర్తికి వెళ్ళాను. రంగు పెచ్చులూడి గుర్తు చెరిగిపోయిందో ఏమో, ఆయన దండలు వేసుకుని పీట మీద కూర్చునే వేళకి శవం ముందు పాడే పాట పెట్టాను. ఆయన కొడుకు వచ్చి నా చొక్కా పట్టుకున్నాడు. ఊరంతా చూసింది. పాట మాత్రం ఆగలేదు, ఆపాల్సిన చెయ్యి చొక్కా దగ్గరుంది.

ఆ తర్వాత మా ఆవిడ దగ్గర చదువుకు కూర్చున్నాను. ఆవిడ ఐదో తరగతి. పలకా బలపం పెడితే సిగ్గుపడతానని క్యాసెట్ల అట్టలతో నేర్పింది. అందుకని నేను మొట్టమొదట చదివిన మాటలు ‘రచన’, ‘సంగీతం’, ‘గానం’. వాటి పక్కన చిన్న అక్షరాల్లో మనుషుల పేర్లు. అందరూ పాడినవాళ్ళ పేరు తలుచుకుంటారు. నాకు మొదట పలికింది రచన గనక, రాసినవాడి పేరు మీద అభిమానం.

చదువు వచ్చాక ఒక అలవాటు పట్టుకుంది. ఏ ఫంక్షన్‌కి ఏ పాట వేశానో, కింద ఎవరు రాశారో, పొడుగు నోటు పుస్తకంలో రాసుకునేవాణ్ణి. షష్టిపూర్తి లాంటిది మళ్ళీ జరగకూడదని మొదలుపెట్టాను. తర్వాత రాయడం బాగుండి రాశాను. హాలు కట్టాక కూడా మానలేదు. ఇప్పుడు పాటలు లాప్‌టాప్‌లోంచి వస్తున్నా, స్టేజీ పక్కన కుర్చీ వేసుకుని రాస్తూనే ఉన్నాను. మొత్తం పన్నెండు పుస్తకాలు.

ఆ నోటీసుకి నెల ముందు మా హాల్లో ఒక ఓణీల ఫంక్షన్ జరిగింది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన భోజనం చేసి నా పక్కకి వచ్చి నించున్నాడు. పిల్ల తరఫు చుట్టం అనుకున్నాను.

“పాట బాగుందండి. ఏం పాటండి ఇది?” అన్నాడు.

అడిగితే ఆగుతానా? పాట పేరు, రాసినాయన పేరు, అది క్యాసెట్టుగా వచ్చిన సంగతి అన్నీ చెప్పాను.

“ఇవన్నీ రాసుకుంటారాండి?”

“ఆయ్. ఈ హాల్లో వేసిన ప్రతీ పాటా ఉందండి. ఇది పన్నెండో పుస్తకం.”

“పన్నెండు పుస్తకాలా! భలేవారండి మీరు.”

ఆయన మెచ్చుకుంటే పొంగిపోయి, వంటవాణ్ణి పిలిచి ఆకులో వేసిన పూతరేకులు చాలవని ఇంకో రెండు పొట్లం కట్టించి ఇచ్చాను. ఆయన ఫోను చొక్కా జేబులో నించోబెట్టి ఉంది. అది రికార్డు చేస్తోందని నాకెలా తెలుస్తుంది? నోటీసులో ఆ ఫంక్షన్ తారీఖు ఉంది. పూతరేకుల సంగతి లేదు.

అమలాపురంలో లాయరు గారి దగ్గరకి వెళ్ళాం.

“క్యాసెట్లు డబ్బిచ్చి కొన్నానండి,” అన్నాను.

“మీరు కొన్నది వినడానికండి. ఊరందరికీ వినిపించడానికి కాదు. హాలు అద్దెకిచ్చేటప్పుడు సౌండు సిస్టం కూడా మాదేనని చెప్పే ఇస్తున్నారు కదా?”

“మరేనండి.”

“అయితే పాట కూడా మీ వ్యాపారంలో భాగవే. పెళ్ళికీ, పెళ్ళి వేడుకలకీ చట్టంలో మినహాయింపుంది, దాని గురించి వాదించుకోవచ్చు. ఓణీలు, పుట్టినరోజులు, కొత్త సంవత్సరం ప్రోగ్రాములూ ఉన్నాయి చూడండి, అక్కడే ఇబ్బంది. మీరు రాతపూర్వకంగా ఎక్కడా ఏవీ పెట్టుకోలేదు కదా?”

నేను మా అల్లుడి చెప్పుల వంక చూస్తూ, “లేదండి,” అన్నాను.

“లేకపోతే మంచిది.”

ఆ ‘మంచిది’ అన్న మాటతో నా పుస్తకాలు పాములైపోయాయి. బస్సులో వస్తుంటే పోలీసు స్టేషను గోడ కనబడింది. డెబ్భై ఒక్క ఏళ్ళుగా ఆ దారిన పోతున్నాను, దానికి అంత చిన్న కిటికీలున్నాయని ఎప్పుడూ చూడలేదు.

ఆ రోజు నుంచి ఇస్త్రీ చొక్కా ఎవరు వేసుకొచ్చినా నాకు అనుమానమే. కొబ్బరి కాయల బేరానికి వచ్చినవాణ్ణి కూడా ఏ ఊరు, ఎవరి తాలూకు అని గుచ్చి గుచ్చి అడిగాను. బీపీ మాత్ర ఒకటికి రెండు వేసుకుని కళ్ళు తిరిగి పడ్డాను. హాల్లో పాటలు ఆపేశాం. ఆ వారంలోనే ఇంకో ఓణీల ఫంక్షన్. పిల్ల స్టేజీ ఎక్కుతుంటే ఫాన్ల చప్పుడు, గిన్నెల చప్పుడు తప్ప ఏమీ లేదు. పిల్ల తండ్రి నా దగ్గరకొచ్చి, “ఏవండీ, ఎవరన్నా పోయేరాండి మీ ఇంట్లో?” అన్నాడు. సౌండు సిస్టం పాడైందని చెప్పాను. అది రెండో అబద్ధం.

మా అల్లుడు రోజూ ఒకటే పాట. “మావయ్యగారూ, ఆ పుస్తకాలు తీసెయ్యండి. మనం ఏం వేసేమో వాళ్ళకి తెలిసేది ఆ ఒక్క రోజు సంగతే. మిగతాదంతా మీరే మీ చేత్తో రాసిస్తున్నారు.”

“చూద్దావండి.”

“చూసేదేవుందండీ, అగ్గిపుల్ల పని.”

పదో రోజు ఒకావిడ వచ్చింది. అరవై దాటి ఉంటుంది. అంతర్వేది బస్సు దిగి నడిచి వచ్చానని చెప్పింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలు. కాగితాలు చూడగానే ఇది ఇంకో నోటీసేమో అనుకున్నాను. ఆవిడ పేరు చెప్పలేదు, భర్త పేరు చెప్పింది. ఆ పేరు నాకు తెలుసు. చాలాసార్లు రాశాను.

ఆయన కొబ్బరి పీచు మిల్లులో కాటా దగ్గర పనిచేస్తూ పాటలు రాసేవాడు. ఇస్త్రీ చొక్కా ఆయన బాగుందన్న ఆ ఓణీల పాట ఈయనదే. ఓణీ కొత్తగా కట్టిన కూతురు కొంగు తొక్కుకుని పడబోతుంది. తండ్రి పట్టుకోబోయి, ఇక పట్టుకోకూడదేమోనని చెయ్యి మధ్యలో ఆపేస్తాడు. ఆ చరణం వచ్చేసరికి మా హాల్లో మగవాళ్ళందరూ అటూ ఇటూ చూసేవారు.

“అన్నయ్యగారూ, ఆయన ఉన్నప్పుడే ముంబయిలో పాటలు రాసేవాళ్ళ సంస్థలో మెంబరుగా చేరేరండి. పోయేక నా పేరు మీదకి మార్చేరు. ఏటా కాయితం వస్తుంది. ఈ పాట దగ్గర ఖాళీగా ఉంటుందండి. ఎక్కడా వేసినట్టు నమోదు లేదంట. నేను ఈ చెవుల్తో వింటున్నానండి, బస్సులో పోతుంటే ఏ హాలు చూసినా అదే పాట. కానీ వేసినట్టు ఎవరూ రాసివ్వరు.”

“ఎందుకిస్తారమ్మా, లైసెన్సులు లేకపోతేనూ,” అన్నాను. నోరు జారాను.

“డబ్బు కోసం వచ్చిందనుకోకండి. అదీ అవసరవేననుకోండి, లేదని ఎందుకు చెప్పాలి. కానీ ఆ ఖాళీ చూస్తే ఆయన అసలా పాట రాయనట్టే ఉందండి. మీరు పాటలన్నీ పుస్తకాల్లో రాసుకుంటారని వంటవాళ్ళు చెప్పేరు. ఒక్కసారి చూపిస్తారేవోనని.”

ఆవిడ ఏ సంస్థలో మెంబరో, నాకు నోటీసు ఇచ్చింది కూడా ఆ సంస్థే. ఆవిడ చేతికిస్తే అది ముంబయి చేరుతుంది. నాకు వినిపించింది అదొక్కటే.

“పుస్తకాలు లేవమ్మా. చెదలు పట్టేయి.”

ఆవిడ కాసేపు నా వంక చూసింది. “అయ్యో, అలాగాండి,” అని కవరు మడుచుకుంది. మా ఆవిడ తెచ్చిన మజ్జిగ తాగి వెళ్ళిపోయింది. మా ఆవిడ ఖాళీ గ్లాసు తీసుకుని నా వంక చూడకుండా లోపలికి వెళ్ళింది. అలా వెళ్ళిందంటే నేను జాగ్రత్తగా ఉండాలి.

మర్నాడు పొద్దున్న హాల్లో పని లేదు. వెనకాల నీళ్ళ కాగు కింద పొయ్యిలో కొబ్బరి డొక్కలు వేసి మంట చేశాను. ఒకటో పుస్తకం పెట్టాను, రెండోది పెట్టాను. మూడోది చేతిలో ఉంది. పాత కాగితం కదా, గబుక్కున అంటుకోలేదు. అట్ట ముందు వంగింది, తర్వాత పేజీలు ఒక్కొక్కటే లేచి నల్లబడ్డాయి. అవి నేను రాత నేర్చుకున్న కొత్తలో రాసినవి. గీతలు దాటిపోయిన పెద్ద పెద్ద అక్షరాలు. మంటలో అవి ఇంకా పెద్దగా కనబడ్డాయి.

“ఏవండీ, ఏం కాలుస్తున్నారు?”

వెనకాలే నించుంది మా ఆవిడ.

“పాత కాయితాలు.”

పొయ్యిలోకి వంగి చూసింది. కాగులో చెంబు ముంచి నీళ్ళు తీసి పొయ్యి మీద కొట్టింది. బూడిదంతా నా మొహం మీద పడింది.

“ఆవిడతో చెదలు పట్టేయన్నారు. చెదలకి మంటెడుతున్నారా?”

“జైల్లో వేస్తారే నన్ను! తెలుస్తుందా నీకు?”

“వేస్తే వెయ్యనివ్వండి. అక్కడా ఏదో ఒకటి రాసుకుంటారు, మీకు పెన్సిలుంటే చాలు. ‘క’కీ ‘త’కీ తేడా తెలీక మూణ్ణెల్లు నా ప్రాణం తీసేరు. పిండి రుబ్బుతూ నేర్పేను, పిల్లకి జొరవొస్తే పక్కలో కూర్చుని నేర్పేను. కాల్చేముందు నన్నొక మాటడగాలని తోచలేదా?”

తడి బూడిదలో చెయ్యి పెట్టి కెలికాను. అట్టల మూలలు తప్ప ఏమీ మిగల్లేదు.

నేను ధైర్యవంతుణ్ణని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ మధ్యాహ్నం అంతర్వేది బస్సు ఎక్కింది ధైర్యంతో కాదు. ఇంట్లో మా ఆవిడ మొహం చూడలేక ఎక్కాను. సంచిలో ఒక్క పుస్తకమే పెట్టుకున్నాను, ఆవిడ భర్త పేరు ఎక్కువగా ఉన్న ఏడోది. పక్క సీట్లో కూర్చున్నవాడు సంచి వంక చూస్తే దాన్ని ఒళ్ళోకి లాక్కున్నాను.

ఆవిడ ఇల్లు అడిగి పట్టుకున్నాను. అరుగు మీద చేపలు ఎండబెట్టి ఉన్నాయి. కాకుల్ని తోలుతోంది.

“నేను అబద్ధం చెప్పేనమ్మా.”

“తెలుసండి అన్నయ్యగారూ. చెదలన్నప్పుడు మీరు బీరువా వంక చూసేరు.”

పుస్తకం తీసిచ్చాను. చేతులు చీరకి తుడుచుకుని తెరిచింది. భర్త పేరున్న చోటల్లా వేలు పెట్టి ఆగింది. ఒక పేజీలో మూడు చోట్ల. ఇంకో పేజీలో ఒక చోట. ఏడవలేదు. పెళ్ళిళ్ళ పేజీలు వచ్చినప్పుడు గబగబా తిప్పింది, ఓణీలని రాసుంటే నెమ్మదిగా తిప్పింది. ఏది ఎక్కడుంటుందో అప్పటికే తెలిసిపోయినట్టుంది.

అప్పుడు నోటీసు సంగతి చెప్పాను. ఆవిడ పుస్తకం మూసేసింది.

“మీ మీదకొస్తుందంటే వద్దండి. తీసుకెళ్ళిపోండి. నేను చూసుకున్నాను, చాలు.”

ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. బలవంతం చేసి ఉంటే ఆవిడ మీద కోపం తెచ్చుకుని, పుస్తకం లాక్కుని వచ్చేసేవాణ్ణి. వద్దంటే ఏం చెయ్యను?

“ఆ సంస్థవాడు వస్తే నేనే ఇస్తానమ్మా,” అన్నాను. అన్నాక బస్టాండు దాకా ఆ మాట ఎలా వెనక్కి తీసుకోవాలా అని ఆలోచిస్తూ నడిచాను.

పద్నాలుగో రోజు ఆయన వచ్చాడు. అదే ఇస్త్రీ చొక్కా. ఈసారి చేతిలో ఫైలు. నేను ఊహించుకున్నట్టు వెనక పోలీసులు లేరు, ఒక్కడే బండి మీద వచ్చాడు. అయినా గేటు దాకా వెళ్ళి రోడ్డు అటూ ఇటూ చూసొచ్చాకే మంచినీళ్ళు ఇచ్చాను.

“భయపడకండి పెద్దాయన గారూ. ఇక ముందు కోసం ఏడాది లైసెన్సు తీసుకోండి. పాతవాటి సంగతి పైవాళ్ళు చూస్తారు.”

“చూసి ఏం చేస్తారండి?”

“అది నేను చెప్పలేనండి.”

భయపడకండని మొదలుపెట్టినవాడు చివరికి చెప్పిన మాట అది. మా అల్లుడు నా మోచెయ్యి పట్టుకుని ఉన్నాడు. నేను లేచి బీరువా తెరిచి, పుస్తకాలు తెచ్చి బల్ల మీద పెట్టాను. అంతర్వేది ఆవిడ సంగతి, భర్త పాట సంగతి చెప్పాను. ఓణీల పేజీలకి మా ఆవిడ ముందే దారం ముక్కలు పెట్టి ఉంచింది.

ఆయన ఒక్కొక్క పేజీ ఫోనుతో ఫొటో తీశాడు. చాలాసేపు పట్టింది.

“వీటిని లెక్కలోకి తీసుకుంటారో లేదో కూడా నేను మాటివ్వలేనండి. పంపిస్తాను. ఇంత వివరంగా ఎవరూ ఇవ్వరు.” తర్వాత పుస్తకాలు ఒకసారి వేలితో లెక్కపెట్టాడు. “పది ఉన్నాయి. ఆ రోజు పన్నెండన్నారు కదండీ?”

ఆ రోజు నేను గొప్పగా చెప్పుకున్న లెక్క అది. మా అల్లుడు అందుకున్నాడు. “ఆ రెండూ చెదలు పట్టేయండి.”

ఆయన నా వంక చూశాడు. మా ఆవిడ వంటగది గుమ్మంలో నించుని ఉంది. చెదలన్నది ఎంత తేలికైన మాట! అప్పటికే ఒకసారి అన్నాను, అలవాటైన మాట కూడా.

“నేనే కాల్చేనండి,” అన్నాను. “మీ నోటీసు చూసి భయపడి కాల్చేను.”

ఆయన పెన్ను జేబులో పెట్టుకోబోయినవాడు ఆగాడు. తర్వాత ఫైల్లోంచి ఒక తెల్లకాగితం తీసి నా ముందు పెట్టాడు.

“అది రాసివ్వగలరాండి? రెండు పుస్తకాలు ఎందుకు లేవో వాళ్ళు అడుగుతారు.”

“మావయ్యగారూ, వద్దండి,” అన్నాడు మా అల్లుడు. “లాయరు గారిని అడగందే వద్దు.”

అతను చెప్పింది తెలివైన మాట, ఇప్పటికీ అదే అంటాను. కానీ ఆ రెండు పుస్తకాల్లో అంతర్వేది ఆవిడ భర్త పాట వచ్చిన కొత్తలో ఎన్నిసార్లు వేశానో ఉంది. అది ఇక ఎవరికీ తెలియదు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, నాకూ సరిగ్గా గుర్తులేదు.

రాశాను. మొదటి రెండు పుస్తకాలు నేను భయపడి నా చేత్తో కాల్చానని, వాటిలో ఫలానా ఆయన రాసిన ఓణీల పాట చాలాసార్లు ఉండేదని, ఎన్నిసార్లో చెప్పలేనని. నాలుగే వాక్యాలు. గీతలు లేని కాగితం మీద అక్షరాలు పెద్ద పెద్దవై వంకర పోయాయి, సరిగ్గా ఆ కాలిపోయిన పుస్తకాల్లో ఉన్నట్టే. కింద సంతకం పెట్టాను. ఈసారి ఏమీ పొంగలేదు.

ఇప్పుడు హాల్లో లైసెన్సు అద్దం కట్టించి గోడకి తగిలించాం. పాటలు మళ్ళీ మొదలుపెట్టాం. ఫంక్షన్ అయ్యాక పాటల జాబితా వాళ్ళిచ్చిన ఫారంలో రాసి పంపుతున్నాను. అందులో రచయిత పేరుకి ఒక గడి ఉంది. అంతర్వేది ఆవిడకి ఏడాది కాగితం ఇంకా రాలేదు. నెలకోసారి ఫోన్ చేసి, “మీకేవన్నా వచ్చిందాండి అన్నయ్యగారూ?” అని అడుగుతుంది. “నీకేవన్నా వచ్చిందా అమ్మా?” అని నేనడుగుతాను. ఇద్దరం ఒకే చోట నుంచి వచ్చే ఉత్తరం కోసం చూస్తున్నాం. ఆవిడ రావాలనుకుంటుంది. నేను రాకూడదనుకుంటాను.

నిన్న పోస్టుమాన్ సైకిలు బెల్లు వినబడితే పాత్రల గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాను. అది కరెంటు బిల్లట. మా ఆవిడ తీసుకుంది.